ఎహ్తియాత్‌కీ ఒక హద్దు ఉంది

ఫజర్ అజాన్‌కు ఇంకా టైముంది. పుంగనూరు నుంచి భాయిజాన్ ఫోన్. "అబ్బా వుజూకు లేచినాడు. పుక్కిలిస్తే నీళ్లు ఎర్రగా వస్తా ఉండాయి. ఆగడం లేదు. నువ్వు బయల్దేరు" అన్నాడు. మదనపల్లె మార్కెట్‌కు టమాటా తెచ్చే లారీల మధ్య నుంచి బండి తోలుకుంటూ ఆ 30 కిలోమీటర్లు ఎట్లా పోయానో గుర్తు లేదు. గుర్తున్నదల్లా ఒకటే. ఆ నెత్తురుకు కారణం నేనేనని దారిలో నాకు ఒక్కసారి కూడా తట్టలేదు.

ఇది 2018 నాటి మాట. ఇన్నేళ్లు రాయలేదు. రాస్తే నా గల్తీ నేనే ఒప్పుకున్నట్టవుతుందని షరమ్. అయినా మన ఇళ్లల్లో ఈ గల్తీ రోజూ జరుగుతూనే ఉంది కాబట్టి రాస్తున్నాను.

అబ్బా గుండెలో లోహపు వాల్వు ఉంది. 1996లో పుట్టపర్తి పెద్దాస్పత్రిలో వేశారు. 1991లో మొదలైన ఆ ఆస్పత్రిలో గుండె ఆపరేషన్‌కు పైసా తీసుకోరు. మా మహల్లాలో చందా వేసింది బస్సు చార్జీలకూ తిండికీ మాత్రమే. వాల్వు వేసిన రోజు నుంచి అబ్బా రాత్రిపూట ఒక చిన్న మాత్ర మింగాలి. లోహం మీద నెత్తురు గడ్డ కట్టకుండా అది పలచబరుస్తుంది. ఎంత పలచబడిందో ఐఎన్ఆర్ అనే పరీక్షలో తెలుస్తుంది. అబ్బాకు అది రెండున్నరకూ మూడున్నరకూ మధ్య ఉండాలి. తగ్గితే వాల్వు మీద గడ్డ కట్టే ఖత్రా. పెరిగితే ఎక్కడో ఒకచోట నెత్తురు కారే ఖత్రా. తాడు మీద నడకలాంటి జిందగీ. అబ్బా 22 ఏళ్లు ఆ తాడు మీద పడకుండా నడిచాడు.

ఆ ఏడు ఆయనకు కడుపులో మంట, నీరసం. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. పరీక్ష చేయిస్తే నెత్తురు బాగా తగ్గిందన్నారు. ఆపా అత్తగారిల్లు కుప్పంలో. "ఇక్కడ మెడికల్ కాలేజీ ఆస్పత్రి ఉంది కదా, అబ్బాను తీసుకురండి" అంది. పలమనేరు, వి.కోట మీదుగా తీసుకెళ్లాం. డాక్టరమ్మ చూసి, నోట్లోంచి గొట్టం పంపి కడుపు లోపల చూడాలంది. ఎండోస్కోపీ అన్నమాట. వచ్చే శనివారం రమ్మంది. ఒక చీటీ రాసిచ్చింది. ముందు రాత్రి నుంచి ఏమీ తినకూడదు. ఐఎన్ఆర్ రిపోర్టు తేవాలి. పలచబరిచే మాత్ర తనను అడక్కుండా ఆపకూడదు. అంతే. ఆ రోజు ఐఎన్ఆర్ 2.8. ఖుషీగా ఇంటికొచ్చాం.

సోమవారం రాత్రి మదనపల్లెలో పేపరు పని ముగించుకుని, ఎండోస్కోపీ గురించి నెట్‌లో వెతికాను. ఒక పేజీ దొరికింది. గుండె వాల్వు మార్చినవాళ్లకు కడుపులోకి గొట్టం పంపే ముందు యాంటీబయాటిక్ ఇవ్వాలని అందులో ఉంది. గొట్టం రాసుకుపోతే క్రిములు నెత్తురులోకి దిగి వాల్వు మీద కూర్చుంటాయట. దాన్ని ఎండోకార్డైటిస్ అంటారట. ప్రాణం తీయగల బీమారీ అట. గుండె జల్లుమంది. చీటీ మళ్లీ చూశాను. అందులో యాంటీబయాటిక్ ఊసే లేదు.

ఇక్కడే నేను చేసిన పని వినండి. డాక్టరమ్మ మరిచిపోయిందనుకున్నాను. ఫోన్ చేసి అడుగుదామని అనుకోలేదు. ఉర్దూ మీడియంలో చదివి, తెలుగులో డిగ్రీ చేసి, రెండు భాషల్లో పేపర్లు చదివేవాడిని. నాకు తెలీదా అనే గురూర్. పొద్దున్నే మందుల దుకాణానికి పోయి, "మా అబ్బాకు కడుపు ఎండోస్కోపీ ఉంది. ముందు జాగ్రత్తకు యాంటీబయాటిక్ ఇవ్వప్పా" అన్నాను. కడుపు అనగానే ఆయన సిప్రోఫ్లాక్సాసిన్, మెట్రోనిడజోల్ రెండూ తీసిచ్చాడు. చీటీ అడగలేదు. నేనూ చూపలేదు. సిప్రో పట్టీ మీద ఎర్ర గీత ఉంది. డాక్టరు రాస్తేనే వాడాలని చెప్పే గీత అది. దాని గురించి 2016లో కేంద్ర ఆరోగ్య శాఖ ప్రచారం మొదలుపెట్టినప్పుడు వార్త దిద్ది పేజీలో పెట్టింది నేనే.

సాయంత్రం పుంగనూరు వెళ్లి ఇచ్చాను. "కైకూ రే ఇత్తీ గోలియాఁ?" అన్నాడు అబ్బా. ఎందుకురా ఇన్ని మాత్రలు అని. "ఎహ్తియాత్ కోసం అబ్బా" అన్నాను. కొడుకు చదువుకున్నవాడు. ఆయన ఇంకేమీ అడగలేదు. మంగళ, బుధ, గురు మూడు రోజులూ మింగాడు. జుమా తెల్లవారుజామున చిగుళ్ల నుంచి నెత్తురు.

కారు మాట్లాడుకుని నేరుగా కుప్పం పోయాం. వి.కోట దాటినాక ముక్కు నుంచి కూడా మొదలైంది. వెనక సీట్లో అమ్మీ తస్బీహ్ తిప్పుతూనే ఉంది. ఆస్పత్రిలో పరీక్ష చేస్తే ఐఎన్ఆర్ 8.4.

డాక్టరమ్మ మొదట అడిగిన సవాల్, "కొత్తగా ఏం మాత్రలు వేసుకున్నారు?" అని. నేను జేబులోంచి పట్టీలు తీశాను. ఆమె వాటిని ఒక్క క్షణం చూసి, "ఇవి ఎవరు రాశారు?" అంది. నా నోట మాట రాలేదు. భాయిజాన్ నా మొహం చూశాడు. అప్పుడర్థమైంది అందరికీ.

ఆమె కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. ముందు పని చూసుకుంది. పలచబరిచే మాత్ర ఆపింది. నోటి ద్వారా కొద్ది మోతాదులో విటమిన్ కె ఇప్పించింది. "ఎక్కువ ఇవ్వకూడదు. ఒక్కసారిగా నెత్తురు చిక్కబడితే వాల్వు మీద గడ్డ కడుతుంది" అంది. రెండు రాత్రులు ఆస్పత్రి బెంచీ మీద కూర్చున్నాను. ఒకవైపు నెత్తురు ఆగాలి, ఇంకోవైపు గడ్డ కట్టకూడదు. ఆ రెండింటి మధ్య మా అబ్బా. తాడును కదిలించింది నేను.

మూడో రోజు ఐఎన్ఆర్ దిగాక ఆమె నన్ను కూర్చోబెట్టి చెప్పింది. పలచబరిచే మాత్రను మన కాలేయంలోని ఒక ఎంజైము విరగ్గొట్టి బయటకు పంపుతూ ఉంటుంది. మెట్రోనిడజోల్ ఆ ఎంజైమును అడ్డుకుంటుంది. సిప్రో కూడా కొంత చేయి వేస్తుంది. మాత్ర ఒంట్లోనే పోగవుతుంది. ఒకటి మింగితే రెండు మూడు మింగినంత పని చేస్తుంది. పైగా పేగుల్లో ఉండే మంచి క్రిములు కొంత విటమిన్ కె తయారుచేస్తాయి. యాంటీబయాటిక్ వాటినీ చంపుతుంది.

"మరి ఎండోస్కోపీకి ముందు ఇవ్వాలని ఉంది కదా మేడం?" అన్నాను, ఇంకా నా తరఫున వకాల్తా పుచ్చుకుంటూ.

"ఆ పేజీ ఏ సంవత్సరంలో రాసింది సార్?" అంది.

ఫోన్ తీసి చూశాను. కిందికి, ఇంకా కిందికి జరిపితే చివర్లో చిన్న అక్షరాల్లో ఉంది. 2003. ఊర్లో ఎవరైనా వార్త తెస్తే "ఎప్పటిదప్పా ఇది?" అని మొదట అడిగేవాడిని నేను. మా అబ్బా విషయంలో ఆ ఒక్క మాట అడగలేదు.

పాత రోజుల్లో వాల్వు ఉన్నవాళ్లకు కొన్ని ఎండోస్కోపీ పనుల ముందు యాంటీబయాటిక్ ఇచ్చే రివాజ్ నిజంగానే ఉండేది. 2007లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ ఆ ఉసూల్ మార్చింది. ఎండోకార్డైటిస్‌ను ఆపడం కోసమే అయితే కడుపు, పేగుల పరీక్షలకు ముందు యాంటీబయాటిక్ అక్కర్లేదని తేల్చింది. లోహపు వాల్వు ఉన్నవాళ్లకు కూడా అంతే. మరుసటి ఏడు అమెరికా ఎండోస్కోపీ డాక్టర్ల సొసైటీ అదే మాట చెప్పింది. 2015లో మళ్లీ చెప్పింది. మోకాలి చిప్ప మార్చుకున్నవాళ్లకూ అక్కర్లేదంది.

ఎందుకు మార్చారంటే లెక్క చూసి మార్చారు. మామూలు ఎండోస్కోపీ తర్వాత నెత్తురులో క్రిములు కాసేపు కనబడేది నూటికి సుమారు నలుగురిలోనే. పళ్లు తోముకున్నప్పుడో? వేర్వేరు పరిశోధనల్లో నూటికి 20 నుంచి 68 మంది దాకా తేలింది. పుల్లతో పళ్ల సందులు కుట్టుకుంటే 20 నుంచి 40. అన్నం నమిలినా 7 నుంచి 51. "మీ నాన్నగారు రోజుకు ఎన్నిసార్లు తోముకుంటారు?" అంది డాక్టరమ్మ. "వుజూ చేసిన ప్రతిసారీ మిస్వాక్ మేడం. ఐదుసార్లు" అన్నాను. "మరి ఐదుసార్లూ ముందు యాంటీబయాటిక్ ఇస్తారా?" అంది. మంచం మీద నుంచి అబ్బా నవ్వాడు. మూడు రోజుల తర్వాత మొదటి నవ్వు.

మిస్వాక్ మానమని కాదు ఆమె అన్నది. నోరు శుభ్రంగా ఉంటే నెత్తురులోకి దిగే క్రిములే తగ్గుతాయి. వాల్వు ఉన్నవాళ్లు ముందు కాపాడుకోవాల్సింది చిగుళ్లనే. ఇక ఆస్పత్రి వైపు నుంచి చూస్తే, ఎండోస్కోపీలో ఒకరి క్రిములు ఇంకొకరికి రాకుండా ఆపేది మనం మింగే మాత్ర కాదు. ఒక్కో మనిషి తర్వాత ఆ గొట్టాన్ని లోపలా బయటా బ్రష్‌తో తోమి, మందు నీళ్లలో నానబెట్టి, ఆరబెట్టే సఫాయి. జనం అడగాల్సింది దాని గురించి.

వారం తర్వాత ఎండోస్కోపీ అయింది. ముందు ఏ యాంటీబయాటిక్ లేదు. పది నిమిషాల పని. కడుపులో అల్సర్ ఉంది. చిన్న ముక్క తీసి పరీక్షిస్తే హెలికోబాక్టర్ పైలోరి అనే క్రిమి కనబడింది. అల్సర్లకు ఎక్కువగా ఈ క్రిమే కారణమని చూపించిన ఆస్ట్రేలియా డాక్టర్లు బ్యారీ మార్షల్, రాబిన్ వారెన్‌లకు 2005లో నోబెల్ ఇచ్చారు. నమ్మనివాళ్లకు చూపించడానికి మార్షల్ ఆ క్రిములున్న ద్రావకాన్ని 1984లో తానే తాగేశాడు. డాక్టరమ్మ అబ్బాకు 14 రోజుల యాంటీబయాటిక్ రాసింది.

అబ్బా నా వైపు చూశాడు. "ముందు తింటే గునాహ్ అన్నారు. ఇప్పుడు పద్నాలుగు రోజులు తినమంటున్నారు. ఏందిరా ఇది?" అన్నాడు. డాక్టరమ్మే జవాబిచ్చింది. "అప్పుడు దుష్మన్ లేడు, ఊరికే తుపాకీ పేల్చారు. ఇప్పుడు దుష్మన్ దొరికాడు" అంది. ఆ 14 రోజుల్లో మూడు రోజులకొకసారి ఐఎన్ఆర్ చూసింది. పలచబరిచే మాత్ర మోతాదు తగ్గించింది. మందులు అవే రకానివి. తేడా ఏమిటంటే ఈసారి ఎవరో ఒకరు చూస్తూ ఉన్నారు.

ఆ రాత్రుల్లోనే అమ్మీ అబ్బా చిన్ననాటి కథ చెప్పింది. అబ్బాకు పదేళ్లప్పుడు గొంతు నొప్పి, తర్వాత జ్వరం, కీళ్ల వాపులు. స్ట్రెప్టోకాకస్ అనే క్రిమితో వచ్చే గొంతు నొప్పి కొందరు పిల్లల్లో గుండె వాల్వులను పాడుచేస్తుంది. మళ్లీ మళ్లీ రాకుండా మూడు నాలుగు వారాలకొకసారి పెన్సిలిన్ సూది వేయించుకోవాలి. అదీ ఏళ్ల తరబడి. ముందు జాగ్రత్తకు యాంటీబయాటిక్ నిజంగా కావాల్సింది అక్కడ. దాదా జట్కా తోలేవాడు. సూదికి పోయిన రోజు కిరాయి పోయేది. ఆ సూది ఒకటే నొప్పి. అబ్బా ఏడ్చేవాడు. జ్వరం లేదు, పిల్లవాడు ఆడుకుంటున్నాడు, ఇంకెందుకు సూది అనుకున్నారు. ఏడాదిలోపే మానేశారు. ఆ మానేసిన సూదులకు కట్టిన కీమత్ 1996లో వేసిన వాల్వు.

కావాల్సిన చోట మానేశాం. అక్కర్లేని చోట మింగించాం. మా ఖాందాన్ మొత్తం కథ ఈ రెండు వాక్యాల్లో ఉంది.

మదనపల్లెవాళ్లకైతే ఇది కొత్త సబక్ కూడా కాదు. ఊరి పక్కనే ఆరోగ్యవరం ఉంది. 1915 నుంచి క్షయ రోగులకు నీడనిచ్చిన శానటోరియం. 1948లో దేశంలో బీసీజీ టీకాలు మొదలైంది మదనపల్లెలోనే. అదే 1948లో ఇంగ్లండులో క్షయకు స్ట్రెప్టోమైసిన్ ఇచ్చి చూసిన పరిశోధన అచ్చయింది. రోగులు మొదట కోలుకున్నారు. కొన్ని నెలల్లో చాలామందిలో క్రిములు ఆ మందుకు లొంగడం మానేశాయి. అందుకే క్షయకు ఒక్క మందు కాకుండా రెండు మూడు కలిపి, చెప్పినన్ని రోజులు ఇవ్వడం మొదలైంది. మందును ఇష్టం వచ్చినట్టు వాడితే క్రిమి నేర్చుకుంటుంది. 2019 ఒక్క ఏడాదిలో మందులకు లొంగని క్రిముల వల్ల నేరుగా చనిపోయినవాళ్లు ప్రపంచమంతా కలిపి 12 లక్షల 70 వేల మంది అని లెక్కగట్టారు. నేను అబ్బాకు మింగించిన ఆ మూడు రోజుల మాత్రలూ క్రిములకు ఉచితంగా ఇచ్చిన తాలీమే.

రెండేళ్ల తర్వాత ఫుప్పుకు పక్షవాతం వచ్చింది. మింగలేకపోయేది. నీళ్లు తాగినా ఊపిరితిత్తుల్లోకి పోయేవి. ఎండోస్కోపీ సాయంతో పొట్ట మీద చిన్న రంధ్రం చేసి, అన్నపు గొట్టం పెడతామన్నారు. ఆ పొద్దు నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను. "మేడం, ఈ పనికి ముందు యాంటీబయాటిక్ కావాలా?" అని మాత్రం అడిగాను. డాక్టరమ్మ నవ్వింది. "దీనికి కావాలి" అంది. ఆ గొట్టం నోటి దారిన లోపలికి పోయి పొట్ట చర్మంలోంచి బయటకు వస్తుంది. నోట్లోని క్రిములు ఆ పుండులోకి చేరతాయి. అందుకని అరగంట ముందు సెఫజోలిన్ ఒకే ఒక్క సూది. తర్వాత ఐదు రోజుల మాత్రలూ లేవు, పది రోజుల మాత్రలూ లేవు. ఒక్క సూది. ఫుప్పు పుండు చీము పట్టకుండా మానింది.

ఇంకా ఎవరికి కావాలో ఆమె చెప్పింది, నేను రాసుకున్నాను. కాలేయం గట్టిపడిపోయి నెత్తురు కక్కుకుంటూ వచ్చినవాళ్లకు యాంటీబయాటిక్ తప్పదు. వాళ్లకు ఎండోస్కోపీ అయినా కాకపోయినా అది ప్రాణం నిలిపే మందు. పిత్తనాళం మూసుకుపోయి, గొట్టం పెట్టినా పసరు పూర్తిగా బయటకు రాదనుకున్నవాళ్లకు ఇస్తారు. పొట్టలోకి నీళ్లు పంపి డయాలసిస్ చేయించుకునేవాళ్లకు పెద్దపేగు పరీక్షకు ముందు ఇస్తారు. మామూలుగా కడుపులోకో పెద్దపేగులోకో చూసి వచ్చే పరీక్షకు, చిన్న ముక్క తీసినా సరే, అక్కర్లేదు. ఎవరు ఏ ఖానాలోకి వస్తారో తేల్చేది డాక్టరు. నేను కాదు. మందుల దుకాణం ఆయనా కాదు. ఇది చదివి మీరూ కాదు.

మన ఇళ్లల్లో ఎహ్తియాత్ అనే మాటకు చాలా ఇజ్జత్ ఉంది. పిల్లవాడికి దగ్గొస్తే రెండు మాత్రలు, హజ్‌కు పోయేవాళ్ల సంచిలో ఒక కోర్సు, ఆపరేషన్ అంటే ముందే నాలుగు రోజులు. అడిగితే ఎహ్తియాత్ అంటాం. ఎహ్తియాత్ అంటే అడగడం. ఈ మందు ఎందుకు, ఎన్ని రోజులు, నేను రోజూ వేసుకునే మాత్రలతో పడుతుందా అని. అడక్కుండా మింగేది వహమ్. రెండూ ఒకే బట్టలు వేసుకుని తిరుగుతాయి. మొన్నటిదాకా నేనూ పోల్చుకోలేదు.

ఆస్పత్రి నుంచి వచ్చాక అబ్బా కోసం ఒక కార్డు రాశాను. ఒకవైపు తెలుగులో, ఇంకోవైపు ఉర్దూలో. లోహపు వాల్వు ఉంది, పలచబరిచే మాత్ర వేసుకుంటాడు, ఏ కొత్త మందు ఇచ్చినా ఐఎన్ఆర్ చూడాలి, పన్ను పీకే ముందు యాంటీబయాటిక్ గురించి డాక్టరును అడగాలి. పంటి పనులకు మాత్రం వాల్వు ఉన్నవాళ్లకు ఆ జాగ్రత్త ఇప్పటికీ కావాలి. 2007లో దాన్ని మార్చలేదు.

పోయిన ఏడు అబ్బాకు దవడ పన్ను కదిలింది. నాకు చెప్పకుండానే పుంగనూరులో పళ్ల డాక్టరు దగ్గరికి పోయాడు. కుర్తా జేబులోంచి కార్డు తీసి బల్ల మీద పెట్టాడట. డాక్టరు చదివి, ఐఎన్ఆర్ చేయించి, ఇంకో రోజు రమ్మన్నాడు. ఆ రోజు గంట ముందు అమోక్సిసిలిన్ ఒకే మోతాదు ఇచ్చి పన్ను తీశాడు. సాయంత్రం దూది కొరికిపట్టుకునే అబ్బా నాకు ఫోన్ చేశాడు. సంగతంతా విని, "ఒక్క డోసేనా అబ్బా? ఉండు, నేనొకసారి చూసి చెప్తా" అన్నాను, అలవాటు కొద్దీ.

"చూడు బేటా, చూడు" అన్నాడు. "ముందు తారీఖు చూడు."